బొమ్మ సాక్ష్యం

బావినీళ్లు ఉప్పగా మారితే చిట్టమూరు ఇల్లాలు గుక్కెడు నోట్లో పోసుకుని చెప్పేస్తుంది. కోర్టుకి ఆ రుచి చాలదు. రొయ్యల చెరువుల కేసులో సుప్రీంకోర్టు కోస్తాని నీరీ శాస్త్రజ్ఞుల చేత చూపించి, 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది, పులికాట్ సరస్సుకి వెయ్యి మీటర్లలోపు కొత్తరకం రొయ్యల సాగు కూడదని. వెయ్యి మీటర్లంటే పటం మీద ఒక గీత. చూడగానే అంతా తెలిసిపోయినట్టుంటుంది. అదే నా బెంగ. అర్థమవడం వేరు, నమ్మేయడం వేరు కదండీ! (పెళ్లిచూపుల ఫొటోలు ఎన్ని చూశాం!)

1872 నాటి సాక్ష్యచట్టం రాసినవాళ్లు గడుసువాళ్లే. దావా కోసం గీయించిన పటం సరైనదని రుజువు చెయ్యాలన్నారు. సర్కారు పటాన్ని మాత్రం ముందే సరైనదనుకోమన్నారు. తప్పయితే ఎదుటివాళ్లు చూపించుకోవాలి. ఆ ఎదుటివాళ్లు బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లయితే, ఇంకో పటం గీయించడానికి డబ్బెవరిస్తారు?