తిథి చూసుకుని వచ్చే అతిథి

"అరకు పాడైపోయిందండీ, ఇదివరకటిలా లేదు." విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ ఈ మాట తరచుగా వింటాను. ఎలా పాడైందని అడిగితే ట్రాఫిక్ అంటారు, ప్లాస్టిక్ అంటారు. వాటితో నాకు పేచీ లేదు. మూడో కారణం ఒకటుంది: "అక్కడివాళ్ళు కమర్షియల్ అయిపోయారు." రుజువుగా వలిసె చేల సంగతి చెబుతారు. నవంబరు, డిసెంబరుల్లో లోయంతా పచ్చగా పూసినప్పుడు చేలో దిగి ఫొటో తీసుకోవాలంటే, ఇప్పుడు కొందరు రైతులు మనిషికింత అని వసూలు చేస్తున్నారు. పూలు చూడ్డానికి కూడా డబ్బులా, అని మనవాళ్ళ బాధ.

వలిసె పూలతోట కాదు, పంట. గింజల నుంచి నూనె తీస్తారు. ఆ చేలో నలభైమంది అటూ ఇటూ నడిస్తే ఏం మిగులుతుందో ఊహించడానికి వ్యవసాయం తెలియక్కర్లేదు. అయినా రైతు అడిగే ఇరవయ్యో ముప్పయ్యో మనకి గుచ్చుకుంటుంది. రిసార్టు గదికి వేలు కట్టినప్పుడు గుచ్చుకోనిది ఇక్కడే ఎందుకు గుచ్చుకుంటుంది?

2021లో, ఆఫీసు పని ఇంటినుంచే చేసుకోమన్న రోజుల్లో, అరకులో గది తీసుకుని ఏడు నెలలు ఉన్నాను. శని, ఆదివారాలు మాత్రమే చూసినవాళ్ళకి అదొక ఊరన్న సంగతి తెలిసే అవకాశం లేదు. ఆదివారం సాయంత్రం కార్లన్నీ ఘాట్ దిగిపోతాయి. సోమవారం పొద్దున బొంగు చికెన్ బల్లలు ఖాళీగా, వాటి పక్కన మసిబారిన వెదురు ముక్కలు గుట్టలుగా ఉంటాయి. స్కూలు పిల్లలు రోడ్డు మధ్యలో నడుస్తారు. టీ రేటు కూడా తగ్గుతుంది (ఆర్థికశాస్త్రానికి నా వంతు పరిశీలన). టీ కొట్టామె మొదటి పదిహేను రోజులూ నన్ను చూడగానే "ఏటి బాబూ, ఇంకా ఎల్లలేదా?" అనేది. అందులో వెటకారం లేదు. కొత్త మొహం అంటే రెండ్రోజుల్లో వెళ్ళిపోయే మొహం అని ఆ ఊరికి అలవాటు.

డిసెంబరు ఆఖరి వారంలో ఇంటాయన వచ్చి, నాలుగు రోజులు ఇంకెక్కడైనా సర్దుకోగలరా అని మొహమాటంగా అడిగాడు. నా నెల అద్దె ఆ నాలుగు రాత్రుల్లో వచ్చేస్తుంది మరి. నన్ను ఖాళీ చేయించడం కాదు విశేషం. తన పిల్లల్ని కూడా పల్లెలో అమ్మమ్మగారింటికి పంపేసి, వాళ్ళు పడుకునే గది కూడా అద్దెకిచ్చేశాడు. తనూ భార్యా వంటగదిలో పడుకున్నారు. ఊరు అన్నిటికన్నా అందంగా ఉండే వారంలో ఊరివాళ్ళకి ఊళ్ళో చోటుండదు.

ఆ లోయలో ఏది ఎవరికోసం వచ్చిందో చూస్తే ఇంకా వింతగా ఉంటుంది. మనం సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళే రైలుదారి 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకి పంపడానికి వేసింది. అద్దాల పెట్టె 2017లో తగిలించారు. వెనక పెట్టెల్లో మూటలతో నిలబడి ప్రయాణించేవాళ్ళకి ఆ లోయ దృశ్యం కాదు, దూరం. పెద్ద జబ్బు చేస్తే నూటపదిహేను కిలోమీటర్లు దిగి విశాఖ వెళ్ళాలి. వ్యూపాయింట్ దాకా కారు వెళ్తుంది. కొండమీద గూడెం నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చారన్న వార్త మాత్రం ఏజెన్సీ నుంచి ఏటా వానాకాలంలో వస్తూనే ఉంటుంది.

చట్టానికి మాత్రం ఆ నేల ఎవరిదో తెలుసు. 1/70 ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత సంస్థ నడిపిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా దాన్ని గిరిజనేతరులకి లీజుకివ్వడానికి వీల్లేదంది. కాగితం మీద పేరొకరిది, పెత్తనం ఇంకొకరిది అయిన హోటళ్ళ గురించి ఊళ్ళో చెప్పుకునే కథలు వేరే సంగతి.

కోనిగ్స్‌బెర్గ్ దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళని కాంట్, ప్రయాణికుల గురించి ఒక మంచి తేడా చెప్పాడు. శాశ్వత శాంతి మీద 1795లో రాసిన పుస్తకంలో, పరాయి నేలకి వచ్చినవాడికి సందర్శించే హక్కు ఉందిగానీ అతిథిగా చూడమని అడిగే హక్కు లేదన్నాడు. వచ్చినవాణ్ణి శత్రువులా చూడకూడదు, అంతవరకే. మన భాషలో అతిథి అంటే తిథి లేకుండా వచ్చేవాడని చెబుతారు. టూరిస్టు తిథి, వారం, లాంగ్ వీకెండ్ అన్నీ చూసుకుని, గది బుక్ చేసుకుని మరీ వస్తాడు. వచ్చాక మాత్రం అతిథి మర్యాదలు ఆశిస్తాడు: నవ్వు, అమాయకత్వం, ఊరికే ఇచ్చే పువ్వు. రిసార్టువాడు లెక్క అడిగితే అది వ్యాపారం. గిరిజన రైతు అడిగితే అది పతనం. అంటే డబ్బు దగ్గర కాదు మనకి ఇబ్బంది. లెక్క తెలియని మనుషుల్ని చూద్దామని అంత దూరం వెళితే వాళ్ళకి లెక్క వచ్చేసిందే అని.

అక్కడ బతకడంలో కష్టమైన పని ఇదేననిపించింది, ఎప్పుడూ ఎవరో ఒకరి సెలవులో భాగంగా ఉండటం. థింసా సంగతే చూడండి. రిసార్టు నెగళ్ళ దగ్గర ఇరవై నిమిషాల్లో ముగించే థింసాని మా మిత్రుడొకడు "ఫేక్" అని కొట్టిపారేశాడు. ఆడే ఆడవాళ్ళకి ఆ తేడా మనకన్నా బాగా తెలుసు. పెళ్ళిలో ఆడేది వేరు, అక్కడ చూసేవాళ్ళంటూ విడిగా ఉండరు, ఎవరైనా చేయి కలపొచ్చు. రిసార్టులో ఆడేది కూలి. అసలుదాన్ని తమకోసం ఉంచుకుని కూలికి తగినంతే ఆడటంలో నాకు మోసం కనబడలేదు. ఒకరకంగా అది వాళ్ళు తమ ఇంటికి వేసుకున్న గడియ.

నేనున్న ఏడాది రోడ్డు పక్క చేను ఒకాయన మధ్యలో మనిషి నడిచేంత బాట వదిలి వలిసె చల్లాడు. బాటకి ఇవతల ముక్క ఫొటోలకి, అవతలది నూనెకి. అవతలి వైపు కర్రలు పాతి తాడు కట్టాడు. ఒక సోమవారం ఊళ్ళో టూరిస్టులెవరూ లేనప్పుడు వెళ్ళి నిలబడ్డాను. దగ్గరికొచ్చి ఇరవై రూపాయలడిగాడు. ఇచ్చాను.