రాత ఒకరిది, తాళం మరొకరిది

ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఇరవై కంప్యూటర్లు కొనవలసి వచ్చిందనుకుందాం. యంత్రాల ధర తేలగానే, లేఖలు, నివేదికలు తయారు చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్న ప్రశ్న వస్తుంది. డబ్బు చెల్లించి మైక్రోసాఫ్ట్ వర్డ్ తీసుకోవాలా, రుసుము లేకుండా లభించే లిబ్రె ఆఫీస్ వంటిది వేసుకోవాలా? ఫైలు మీద ఈ ప్రశ్న రెండు అంకెల పోలికగానే నడుస్తుంది. ఒక పక్క లైసెన్సుల ఖర్చు, మరో పక్క సున్న. ఆర్థిక విభాగం సున్న వైపు మొగ్గుతుంది. రోజంతా దాని ముందు కూర్చోవలసిన గుమాస్తా తనకు అలవాటైనదే కోరుకుంటాడు. ఇద్దరి వాదనలోనూ సత్యం ఉంది. కాని ఆ ఫైలులో ఎక్కడా ప్రస్తావనకు రాని మూడవ వ్యక్తి ఒకడున్నాడు. ఆ కార్యాలయం నేడు తయారు చేసిన పత్రాన్ని ముప్పై ఏళ్ల తరువాత చదవవలసినవాడు అతడు.

ఈ మూడవ వ్యక్తి చరిత్రకారులకు చిరపరిచితుడు. ఎందుకంటే అతడు వారే. తూర్పు చాళుక్యుల నాటి రాగిరేకును నేడు చదవాలంటే ఆనాటి లిపి, భాష తెలిసి ఉంటే చాలు. రేకును సాగగొట్టిన వాని వంశీకుల అనుమతి అడగనవసరం లేదు. పంతొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ కడపలో సొంత ఖర్చుతో పండితులను నియమించి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించగలిగాడంటే, ఆ ఆకుల మీది అక్షరాలు అందరి సొత్తు కావడమే అందుకు ఆధారం. ఘంటం చేసిన కమ్మరికి ఆకు మీది పద్యంపై ఏ అధికారమూ ఉండేది కాదు. పనిముట్టు అరిగిపోయినా రాత నిలిచేది.

కంప్యూటరు ఈ ఏర్పాటును మార్చివేసింది. యంత్రంలో నిలిచేది అక్షరం కాదు, అంకె. ఏ అంకె ఏ అక్షరమో తెలిపే సంకేతపట్టిక రాసిన మనిషి చేతిలో కాక సాఫ్ట్‌వేర్ తయారు చేసినవారి చేతిలో ఉంటే, పత్రం ఒకరిదీ దాని తాళంచెవి మరొకరిదీ అవుతుంది. ఇందుకు తెలుగువారి అనుభవం కంటె స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీ అనే సంకేతపద్ధతిని దేశభాషల లిపులకు ప్రమాణంగా ప్రకటించింది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి రూపంలో తెలుగుకు స్థానం లభించింది. అయినా ఆ దశాబ్దమంతా, ఆ తరువాత కూడా చాలా కాలం, అచ్చుపని అంతా సొంత పట్టికలు గల ఫాంట్లతోనే సాగింది. రోమన్ అక్షరాలకు కేటాయించిన గళ్లలో తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా అమర్చి, వాటిని కూర్చి తెలుగుగా చూపించేవారు. ఒక సంస్థ పట్టిక మరొక సంస్థ పట్టికతో కలిసేది కాదు. కొన్ని ప్యాకేజీలు యంత్రం వెనుక ఒక చిన్న తాళపు బిళ్ల తగిలిస్తే తప్ప పనిచేసేవి కావు.

ఆ సంస్థలను నిందించడం న్యాయం కాదు. వేరే మార్గం లేని రోజుల్లో తెలుగు అక్షరాన్ని అంత అందంగా తెర మీదికి, కాగితం మీదికి తెచ్చినవారు వారే. కాని పర్యవసానం మాత్రం కాదనలేనిది. ఆనాటి ఫైలును ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే కనిపించేది రోమన్ అక్షరాల, గుర్తుల గందరగోళం. ఆ ఫాంట్లతో విరివిగా వాడిన పేజ్‌మేకర్ 2001లో వచ్చిన ఏడవ రూపంతోనే ఆగిపోయింది. అచ్చయిన పుస్తకం గ్రంథాలయంలో ఉంటే ఉంటుంది; అచ్చుకు పోని నివేదిక, డిస్కులో మిగిలిన జాబితా, తిరిగి టైపు చేయడానికి కూడా వీలులేని స్థితికి చేరాయి.

ఇక్కడ హాని కలిగించింది ధర కాదు. రుసుము లేకుండా పంచిన ఫాంటు కూడా సొంత పట్టికతో నడిస్తే అదే హాని చేస్తుంది. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒక్క మాటకే రెండర్థాలు ఉండటం వల్ల, 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ తన ఉద్దేశం వెల గురించి కాదని ఏళ్ల తరబడి వివరించుకోవలసి వచ్చింది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇన్ని మాటలుండి కూడా కార్యాలయాలు ఉచితాన్నే పట్టుకుని స్వేచ్ఛను విడిచిపెట్టడం విచిత్రం. వెల లేకుండా అందే కొన్ని ఆన్‌లైన్ రాత సదుపాయాల్లో పత్రం ఇతరుల గిడ్డంగిలో, ఇతరుల షరతుల కింద ఉంటుంది. వెల పెట్టినదానికీ హామీ పరిమితమే. 2011లో మొదలైన ఆఫీస్ 365 చందా పద్ధతిలో గడువు తీరితే కంప్యూటరులోని వర్డ్‌లో పత్రాన్ని చూడవచ్చు, ముద్రించవచ్చు, దిద్దడానికి వీలుండదు.

స్వేచ్ఛ ఎప్పుడు అక్కరకు వస్తుందో లిబ్రె ఆఫీస్ వంశవృక్షమే చెబుతుంది. జర్మనీలో పుట్టిన స్టార్ ఆఫీస్‌ను 1999లో సన్ సంస్థ కొన్నది. 2000లో దాని మూలరచనను అందరికీ తెరిచి ఓపెన్ ఆఫీస్‌కు దారి వేసింది. 2010లో సన్ ఒరాకిల్ చేతికి వెళ్లినప్పుడు, భవిష్యత్తును శంకించిన రచయితలు ఆ మూలరచనను తీసుకుని బయటకు వచ్చి, డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరిట లిబ్రె ఆఫీస్‌ను ప్రారంభించారు. యజమాని మారినా వాడేవారు వీధిన పడలేదు.

పత్రాల నిల్వరూపం గురించి కూడా పెద్ద వివాదమే నడిచింది. ఓపెన్ డాక్యుమెంట్ రూపం 2006లో అంతర్జాతీయ ప్రమాణమైంది. మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన రూపానికి 2008లో అదే హోదా ఇచ్చినప్పుడు భారత్ వ్యతిరేకంగా ఓటు వేసింది. బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనిజులాతో పాటు అప్పీలు కూడా చేసింది. అప్పీళ్లు నెగ్గలేదు. కాని రెండు రూపాల వివరాలూ నేడు బహిరంగంగా ఉన్నాయి కనుక ఒకదానిలో రాసినది మరొకదానిలో చాలవరకు చదవవచ్చు. పట్టికలు, అంచులు అప్పుడప్పుడు చెదురుతాయి, అంతే. ఈ వివాదం వల్ల సామాన్య పాఠకుడికి మిగిలిన లాభం ఇదే కావచ్చు.

భారత ప్రభుత్వం ఈ-పాలనలో బహిరంగ ప్రమాణాల విధానాన్ని 2010లోనూ, బహిరంగ మూలరచన సాఫ్ట్‌వేర్ విధానాన్ని 2015లోనూ ప్రకటించింది. కాగితం మీది విధానానికీ బల్ల మీది పనికీ మధ్య దూరాన్ని మ్యూనిక్ నగరపాలక సంస్థ కథలో చూడవచ్చు. 2003లో నిర్ణయించి, పదేళ్లు శ్రమించి, సుమారు 15,000 కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చిన ఆ నగరం 2017లో విండోస్‌కే తిరిగి వెళ్లాలని తీర్మానించింది. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో 30,000 కంప్యూటర్లను లిబ్రె ఆఫీస్‌కు మార్చాలని సంకల్పించింది.

మ్యూనిక్ పాఠం గుమాస్తా పక్షాన ఆలోచించమంటుంది. లోయర్, హయ్యర్ టైపు పరీక్షలు నెగ్గి, టైపు మిషను విడిచి కంప్యూటరుకు వచ్చి, నలభై దాటాక ఒక పద్ధతికి చేయి అలవాటు చేసుకున్న ఉద్యోగిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోమనడం చిన్న విషయం కాదు. పొదుపు ఖజానాది, శ్రమ అతనిది. శిక్షణకు నాలుగు రోజులు కూడా కేటాయించకుండా ‘ఉచితం కదా’ అని మార్పు రుద్దే అధికారి, లైసెన్సు ఖర్చును ఉద్యోగి జీవితంలోంచి వసూలు చేస్తున్నాడనే చెప్పాలి.

చాలాచోట్ల నిజానికి ఈ రెండు దారులూ తొక్కరు. ఎవరో ఇచ్చిన దొంగ ప్రతి యంత్రంలోకి ఎక్కుతుంది, ప్రశ్న అక్కడితో ముగుస్తుంది. కాపీరైటు చట్టం 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రామును కూడా సాహిత్యకృతుల కోవలో చేర్చింది. కవులకు ఇది రుచించకపోవచ్చు గాని, అందులోని ధర్మం స్పష్టం: అదీ ఒకరి రచనే. దొంగ ప్రతి అని తెలిసీ వాడటాన్ని 1994 సవరణ శిక్షార్హం చేసింది. స్వేచ్ఛగా దొరికే ప్రతి పక్కనే ఉండగా దొంగ ప్రతి వాడటానికి పేదరికం సాకుగా కూడా మిగలదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తీసుకున్నవారికీ బాకీ ఉంటుంది. ఊరి చెరువు నీటికి వెల కట్టేవారు కాదు. వేసవిలో పూడిక తీయడానికి మాత్రం ఇంటికొక మనిషి కదలవలసిందే. లిబ్రె ఆఫీస్‌లో తెలుగు ఒత్తు తప్పుగా పడినా, అక్షరదోషాలు పట్టే నిఘంటువులో మాట లేకపోయినా, దాన్ని సరిచేసేవారు ఎక్కడో కూర్చుని పనిచేసే కొద్దిమంది ఔత్సాహికులు. వేల యంత్రాల్లో దాన్ని వాడుకునే ప్రభుత్వశాఖ దోషాన్ని తెలియజేయడానికి ఒక ఉత్తరమైనా రాయకపోతే, లైసెన్సుల మీద మిగిల్చిన సొమ్ములో కొంతైనా ఆ పనికి వెచ్చించకపోతే, అది చెరువు నీళ్లు తోడుకుని పూడికనాడు ఇంటి తలుపు వేసుకున్నట్లే. కొనుగోలుకు కార్యాలయాల్లో పద్దు ఉంటుంది, టెండరు ఉంటుంది. ఈ మరామత్తు ఏ పద్దు కిందకు వస్తుందన్న ప్రశ్నతో ఫైలు పైకి పంపే అధికారి కావాలి.