పేరు చెక్కిన బిందె

వెలయిచ్చి కొన్న వస్తువు సర్వవిధముల మనదగునా?

బెంగుళూరు చిక్కపేటలో ఆదివారము ఉదయమున పాతసామానుల సంత కూడును. గడియారములు, తాళములు, దీపపు సెమ్మెలు నేలపై పరచి యమ్ముదురు. పదవీవిరమణానంతరము మేమును దానికి అలవాటుపడితిమి. అచ్చట ఇత్తడి బిందె యొకటి కొని, చింతపండుతో తోమించగా, మెడక్రింద చుక్కలుగా చెక్కిన అక్షరములు బయటపడినవి. మొదట కన్నడమనుకొంటిమి. తలకట్టు చూచి తెలుగని తెలిసికొంటిమి. ఎవరో యిల్లాలి పేరు! పుట్టింటివారి సారె కాబోలు.

నడవలో అలంకారముగా నుంచదలచిన మా కోడలు, "ఈ పేరు అరగదీయింతమా, మామయ్యగారూ?" అని యడిగినది.

1972 నాటి పురావస్తు చట్టము నూరేండ్లు నిండిన వస్తువులను గూర్చినది. మా బిందెకు అంత వయస్సున్నట్లు తోచదు. కావున చట్టము అడ్డుపడదు. కాని మేము వెల యిచ్చినది ఇత్తడికి. పేరునకు వెల యెవరు కట్టిరి? ఆ యింటివారు కష్టకాలమున అమ్మిరో, విసుగుచెంది పారవైచిరో! మనకది వేడుక.

తప్పెన్నుటకు మేమెవరము? స్టీలుసామాను వచ్చిన క్రొత్తలో మా తల్లిగారి పేరున్న మరచెంబును మేమే తూకమునకు వేసి, రెండు గిన్నెలు తెచ్చుకొంటిమి. అది కరగిపోయెనో, ఎవరి నడవలోనున్నదో!

పేరు అరగదీయింపలేదు. అది కనబడునట్లే బిందెను త్రిప్పి పెట్టితిమి. వచ్చిన తెలుగువారందరు వంగి చదువుచున్నారు. ఎవరైన "ఇది మా అమ్మమ్మదండీ" యన్నచో, కొన్న వెల పుచ్చుకొందుమా, ఊరకయే యిత్తుమా యన్నది మాత్రము ఇంకను నిశ్చయించుకొనలేదు.