గుల్లకు తిరిగొచ్చిన బరువు

గౌతమికి ఇటు ఎదుర్లంక, అటు యానాం. 2002లో బాలయోగి వారధి తెరిచేదాకా కోనసీమ నుంచి అమ్మమ్మగారింటికి పోవాలంటే ఇక్కడ పంటు ఎక్కాల్సిందే. సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, కోళ్ల గంపలు, మేమూ. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. మేమైతే ఓడలో ఉండగానే మల్లయ్యను తిట్టేవాళ్లం, ఆలస్యమైందని. వంతెన వచ్చాక దాటడం నిమిషాల పనైంది. చిత్రం, వెళ్లడమే తగ్గింది.

మొన్న సంక్రాంతికి వెళ్లాను. అమ్మమ్మ ఊళ్లో ఉప్పుటేటి గట్టున సున్నపు బట్టీ ఉండేది. నడుమెత్తు గుండ్రటి ఇటుక గోడ, అడుగున గాలి కన్నాలు మిగిలాయి. లోపల తుమ్మ మొలిచింది. కాకినాడ అఖాతంలో ఏరిన గుల్ల నావల్లో వచ్చేది. గుల్ల ఒక వరస, బొగ్గు ఒక వరస పేర్చి కాల్చేవారు. చల్లారాక నీళ్లు చల్లితే బుస్సుమని పొగలు కక్కి, పగిలి పిండయ్యేది. నిప్పు ఆరిపోయాక నీళ్లకు వేడెక్కడమేమిటో అర్థమయ్యేది కాదు. "దగ్గరికెళ్లకురా, కళ్లు పోతాయ్!" అని అమ్మమ్మ కేక. ఆవిడ తాంబూలంలోకీ, ఇంటి గోడలకీ ఆ సున్నమే. బట్టీ పోయిందని బెంగపడే హక్కు మాత్రం నాకు లేదు. అక్కడ పనిచేసినవాళ్ల అరచేతులు చూశాను, సున్నం తినేసి నెర్రెలిచ్చినవి.

తర్వాత చదువుకున్న లెక్క ఒకటుంది. నూరు కిలోల గుల్ల కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలూ కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. గోడకెక్కిన సున్నం ఏళ్ల తరబడి ఆ వాయువునే గాలిలోంచి మెల్లగా లాక్కుని, మళ్లీ గుల్లలో ఉన్న పదార్థమే అవుతుంది. అంటే అమ్మమ్మ ఇల్లు కూడా గుల్లే. లోపలి ప్రాణి మారిందంతే. ఇప్పుడు ఆ ప్రాణీ లేదు.

వరండాలో పెచ్చు ఊడినచోట గోటితో గీకాను. సరిగా కాలని గుల్ల ముక్క తగిలింది, వీపు మీది గాళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. జేబులో వేసుకుందామని లాగితే చుట్టూ ఉన్న పూత కూడా కదిలింది. వేలితో నొక్కి వదిలేశాను.