సమయము ఎవరిది?



మన ఉడుమలైపేట పరిసరాలలో స్థిరపడిన తెలుగువారిలో సొంత వ్యాపారము పెట్టుకున్నవారు అనేకులు. ఒకరికి నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు, ఒకరికి కొబ్బరి మండీ, ఒకరికి కోళ్ళ షెడ్డు, మరొకరికి కిరాణా కొట్టు. వీరిలో ఎవరిని పలకరించినా మొదట వచ్చే మాట ఒక్కటే: "తీరిక లేదండీ." తెల్లవారక ముందే లేచి, రాత్రి పది దాటాక తలుపు వేసేవారికి తీరిక ఎక్కడిది? అయినా విచారకరమైన సంగతి ఏమనగా, ఇంతగా శ్రమపడి నిలబెట్టిన వ్యాపారము యజమాని పది రోజులు మంచము పట్టితే కుంటుపడుతుంది. ఇన్ని గంటలు పోసినా దానికి దెబ్బను తట్టుకునే బలము ఎందుకు రావడము లేదు?

కోయంబత్తూరు సీమ తెలుగువారికి జి. డి. నాయుడు గారిని (1893–1974) పరిచయము చేయనక్కర లేదు. కలంగల్ గ్రామములో తెలుగు రైతు కుటుంబములో పుట్టి, బడి చదువు పెద్దగా లేకుండానే యంత్రవిద్య నేర్చుకున్నాడు. 1920లో ఒక్క బస్సు కొని, తానే డ్రైవరై, పొళ్ళాచికి పళనికి మధ్య నడిపాడు. ఆ రెండు ఊళ్ళ నడుమ ఉన్నది మన ఉడుమలైపేటే. ఆ ఒక్క బస్సే క్రమముగా యు.ఎం.ఎస్. అనే గొప్ప రవాణా సంస్థ అయినది. మన సంగతి ఆలోచించడానికి ఆయన ఎంచుకున్న బస్సు వ్యాపారమే మంచి ఉదాహరణ.

బస్సు యజమాని అమ్మేది సీటు మాత్రమే కాదు, ఒక మాటను కూడా. "ఏడు గంటలకు బయలుదేరును" అని బోర్డు మీద వ్రాసినప్పుడు ఆ వ్రాత ప్రయాణికుని కంటె యజమానినే ఎక్కువగా కట్టివేస్తుంది. సంతకు పోయే స్త్రీ, ఆసుపత్రికి పోయే ముసలివాడు, బడికి పోయే పిల్లవాడు ఆ మాటను నమ్మి తమ ఉదయమును అమర్చుకుంటారు. బస్సు అరగంట ఆలస్యమైతే యజమానికి పోయేది అరగంటే. ఆగి ఉన్న నలభై మందికి పోయేది ఇరవై గంటలు. ఈ లెక్క ఏ చిట్టాలోను కనబడదు గనుక మనము దానిని నష్టముగా ఎంచము.

మరొక సంగతి చూడండి. బస్సు పళని చేరిన నిమిషములోనే తిరుగు ప్రయాణము మొదలుపెట్టేటట్లు వేళలు వేస్తే, కాగితము మీద ఒక ట్రిప్పు లాభము కనబడుతుంది. దారిలో ఒక టైరు పంక్చరైనదా, ఆ ఆలస్యము రెండవ ట్రిప్పుకు, మూడవ ట్రిప్పుకు పాకుతుంది. చివరకు రాత్రి ఆఖరి బస్సు కొరకు నిలబడినవాని మీద పడుతుంది. ప్రతి ట్రిప్పు చివర కొంత విరామము విడిచిపెట్టిన యజమానికి ఈ బాధ ఉండదు. ఆ విరామమును చూచి సోమరితనము అనుకోరాదు. చెరువుకు కట్ట ఎటువంటిదో అది అటువంటిది. ఆలస్యము దానిని దాటి పోదు.

మన వ్యాపారాలలో ఈ కట్ట లేదు. ఎవరు ఏ ఆర్డరు తెచ్చినా "సరే" అంటాము. ప్రతి గంటను ఎవరికో ఒకరికి ముందే వ్రాసి ఇచ్చేస్తాము. కరెంటు పోయినా, నూలు లారీ రాకపోయినా ఆ దెబ్బ ఎవరి మీద పడుతుంది? మొదట గిరాకీ మీద, తరువాత రాత్రి షిఫ్టు మగ్గము వాని మీద, ఆ తరువాత ఇంటిలో అన్నము మూతపెట్టి కూర్చున్న భార్య మీద, తండ్రి ముఖము ఆదివారము మాత్రమే చూచే బిడ్డల మీద. అనగా మనము "తట్టుకున్నాము" అని చెప్పుకునే ప్రతిసారీ నిజముగా తట్టుకున్నవారు వేరొకరు.

"పెద్ద మిల్లువాడు నా బిల్లును మూడు నెలలు నిలిపితే నేనేమి చేయగలను?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చిన్న సంస్థల నుండి సరుకు తీసుకున్నవారు ఒప్పుకున్న తేదీకి, ఎంత ఆలస్యమైనా 45 రోజులలోగా, డబ్బు చెల్లించవలెనని 2006 నాటి చట్టము చెబుతున్నది. తప్పితే వడ్డీ కూడ కట్టవలెను. అయినా గిరాకీ పోతుందనే భయముతో చిన్న యజమాని నోరు విప్పడు. ఈ కష్టము కాదనలేనిది. కాని మనకు పైవాడు చేసినదానినే మనము క్రిందివానికి చేయవచ్చునా? మన దగ్గర ఆగిన డబ్బు మన కూలివాని దగ్గర కూడ ఆగితే, అతని క్రింద మరెవ్వరు లేరు. ఇక అతని పొయ్యి ఆగిపోతుంది. కూలివాని కూలి మరునాటి ఉదయము వరకు నీ యొద్ద ఉండరాదని మోషే ధర్మశాస్త్రము విధించినది ఇందుకే. ఆ ఆజ్ఞ డబ్బును గూర్చినది మాత్రమే అనుకోవద్దు, సమయమును గూర్చినది కూడ. ఎవడు ఆగలేడో వానిని ఆపవద్దు అని దాని భావము.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు పని గంటలన్నీ ఒక్కసారిగా చేతిలో నుండి జారిపోయినవి. రోజుకు పదహారు గంటలు పనిచేసే శక్తి ఆ దినాలలో అక్కరకు రాలేదు. పద్దులు సరిగా వ్రాసుకున్నవాడు, కొంచెము వెనుక వేసుకున్నవాడు, మాట తప్పడని పేరున్నవాడు మరల లేవగలడు. ఎందుకనగా నూలు అరువు ఇచ్చేవాడు అటువంటివాని మాటనే నమ్ముతాడు. ఇవి మూడూ మంచి దినాలలో సమయము కేటాయించి కూర్చుకోవలసినవి. ఆపద వచ్చిన తరువాత కూర్చుకోలేము.

గనుక ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను. దినములో మొదటి అరగంట పద్దులకు, ఇయ్యవలసిన బాకీలకు ఇవ్వండి. పుచ్చుకోవలసిన దానికంటె ఇయ్యవలసినదానిని ముందు చూడండి. పది గంటల పని ఉన్నచోట ఎనిమిది గంటలకే మాట ఇవ్వండి. చేయలేని ఆర్డరుకు "కాదు" అనడము అవమానము కాదు. మీ పనిని మరొకరికి పూర్తిగా నేర్పండి. నేర్పడానికి పట్టే నెల రోజులు వృథా అనిపించవచ్చును, కాని మీరు జ్వరముతో పడుకున్న దినమున ఆ నెల మీకు తిరిగి వస్తుంది. చివరిగా, వారమునకు ఒక దినము తలుపు మూయండి. మీ కొరకే కాదు; మీరు సెలవు పుచ్చుకుంటేనే మీ క్రింద పనిచేసేవాడు భయము లేకుండ సెలవు పుచ్చుకోగలడు.

నాయక రాజుల కాలములో, దాదాపు ఐదు వందల ఏండ్ల క్రిందట, ఈ నల్లరేగడి నేలకు మన పెద్దలలో అనేకులు వచ్చారు. ప్రత్తి విత్తి, వాన కొరకు కనిపెట్టి, కొంత గింజను మరుసటి ఏటికి దాచి బ్రతికారు. విత్తనపు గింజను తినివేసినవాడు ఆ ఏడు కడుపునిండ తింటాడు, మరుసటి ఏడు అడుక్కుంటాడు అని వారికి తెలుసు. సమయము కూడ అటువంటిదే. దినమంతటినీ తినివేయక కొంత విత్తనముగా మిగుల్చుకొందము. ఈ వారము మన కొరకు ఎవరు ఆగి ఉన్నారో ఒక్కసారి లెక్కవేసికొని, ముందుగా వారి బాకీ తీర్చుదము.