దొంగ పిలుపు

పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున, పిట్లం దగ్గర మా తండా వెనక జొన్నచేను గట్టు మీద తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఫోను పెట్టుకుని కూర్చున్నాడు. ఫోనులోంచి కౌజుపిట్ట అరుపు వస్తోంది. రెండు నిమిషాలు కాలేదు, చేనులోంచి నిజం కౌజు ఒకటి మెడ నిక్కబొడుచుకుని ఉరికొచ్చింది. గట్టు చుట్టూ తిరిగింది, మళ్లీ అరిచింది, తనతో పోట్లాటకు వచ్చిన మగపిట్ట ఎక్కడుందో తెలియక మళ్లీ తిరిగింది. వాడు అరుపు ఆపలేదు. నేను పోయి ఆపించాను.

"సార్, నేనేం పట్టలే, కొట్టలే. అరుపు ఇనిపించిన, అంతే. గిది తప్పెట్లయితది?" అన్నాడు.

అప్పటికప్పుడు నాకు జవాబు దొరకలేదు. వాడు అడిగింది చిన్న ప్రశ్న కాదు. పిట్టల మీద, గబ్బిలాల మీద పరిశోధన చేసే పెద్దపెద్ద శాస్త్రవేత్తలు చేసేది కూడా ఇదే. రికార్డు చేసిన గొంతును మళ్లీ దానికే వినిపించి ఏం చేస్తుందో చూస్తారు. ఆ పద్ధతితో ఎన్నో సంగతులు తెలిశాయి. మరి మావాడిది తప్పయితే వాళ్లది ఒప్పెలా అయింది?

మా దాదా కౌజులను దీమం పెట్టి పట్టేవాడు. పెంచిన మగపిట్టను పంజరంలో ఉంచి చేనులో పెడితే అది అరుస్తుంది. నా హద్దులోకి ఎవడొచ్చాడని అక్కడి పిట్ట కోపంతో వస్తుంది, చుట్టూ పరిచిన ఉచ్చుల్లో కాలు పడుతుంది. "పిట్టను పట్టేది ఉచ్చు గాదురా, దాని కోపమే" అనేవాడు. గుడ్లు పెట్టే కాలంలో మాత్రం దీమం ముట్టేవాడు కాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టంతో అది నేరమైంది, అయ్యి తీరాలి కూడా. అయితే కౌజు గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆయన చెప్పిందే. గోర్ బోలీలో మేం దాన్ని తీతర్ అంటాం. అది అరిచే తీరే ఆ పేరు. తన పేరు తనే చెప్పుకున్న పిట్ట.

ఇక కడప వైపు చూద్దాం. 1848 ప్రాంతంలో టి.సి. జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు ఒక పిట్టను లోకానికి పరిచయం చేశాడు. పుస్తకాల్లో అది జెర్డాన్స్ కోర్సర్, అక్కడి ఊళ్ల నోట కలివి కోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు అది దొరికింది. దొరికింది అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టుకున్నవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. పుస్తకాల్లో 86 ఏళ్లు లేకుండా పోయిన పిట్టకు ఆ ఊళ్లలో పేరుంది, అది ఏ పొదల్లో తిరుగుతుందో, ఎప్పుడు బయటికొస్తుందో తెలిసిన మనిషి ఉన్నాడు. పట్టిన పిట్ట మాత్రం బతకలేదు.

ఆ పిట్ట చీకటి పడ్డాకే తిరుగుతుంది, పొదల రంగులో కలిసిపోతుంది. చూసి లెక్కపెట్టడం అయ్యే పని కాదు. 2000 తర్వాత పి. జగన్నాథన్, ఆయన తోటివాళ్లు దాని అరుపును మొదటిసారి రికార్డు చేశారు. సందె చీకట్లో ఆ అరుపు వినిపించి, జవాబు వస్తుందా అని చెవులు రిక్కించి, ఏ ముళ్లపొదల్లో అది ఉందో వెతికారు. ఆ వెతుకులాట ఉత్తగా పోలేదు. 2005లో తెలుగు గంగ కాలువ పని కలివి కోడి తిరిగే పొదల్లోకి వచ్చినప్పుడు, ఇక్కడ ఇది ఉంది అని చెప్పగలిగిన మనుషులున్నారు. కాలువ దారి మార్చాల్సి వచ్చింది.

అదీ దొంగ పిలుపే. ఐతన్న చెయ్యి, మా దాదా దీమం, జగన్నాథన్ స్పీకరు, మావాడి ఫోను నాలుగూ నాకు ఒకే వరుసలో కనబడతాయి. తేడా ఎక్కడుందో తెలుసుకోవాలంటే ముందు ఆ పోలికను ఒప్పుకోవాలి.

గబ్బిలాల కథ ఇంకా పాతది, ఇంకా కటువైనది. 1793లో ఇటలీలో స్పల్లంజాని గబ్బిలాల కళ్లు తీసేసి గదిలో వదిలాడు. అవి గదిలో కట్టిన దారాలకు తగలకుండా ఎగిరాయి. మరుసటి ఏడు జెనీవాలో జురీన్ వాటి చెవులు మూశాడు. అప్పుడు దేనికంటే దానికి కొట్టుకున్నాయి. చెవితో చూస్తున్నాయని తేలింది కానీ ఏం వింటున్నాయో ఎవరికీ అర్థం కాలేదు. దాదాపు 150 ఏళ్లు ఆ మాట నవ్వులాటగానే మిగిలింది. 1938లో హార్వర్డ్‌లో చదువుకుంటున్న డొనాల్డ్ గ్రిఫిన్ గబ్బిలాల పంజరాన్ని పియర్స్ అనే ఆచార్యుడి యంత్రం ముందుకు తీసుకుపోయాడు. మన చెవి సెకనుకు 20,000 కంపనాల దాకానే వింటుంది. ఆ యంత్రం అంతకు పైన ఉన్నది కూడా వింటుంది. నిశ్శబ్దం అనుకున్న గదిలో గబ్బిలాలు కేకలు పెడుతున్నాయి! ఆ కేక తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనితోనే దారి తెలుసుకుంటాయి. పురుగు దగ్గరపడే కొద్దీ కేకల వేగం పెరిగి, చివరి క్షణాల్లో సెకనుకు 200 దాకా పోతుంది.

స్పల్లంజాని కళ్లు తీసినా దొరకనిది గ్రిఫిన్‌కు ఊరికే వింటే దొరికింది. అన్నిసార్లూ అలా జరగదు. పాట నేర్చుకోవడం గురించి శాస్త్రానికి తెలిసిన దాంట్లో చాలా భాగం పిట్టలను చెవిటివి చేస్తే, కోసి చూస్తే వచ్చిందే. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండదు. ఫలితం ఉంటుంది, పిట్ట ఉండదు.

ఇప్పుడు మన దగ్గరే, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు గబ్బిలాల కేకలను యంత్రంతో విని ఏది ఏ జాతిదో చెబుతున్నారు. కర్ణాటకలో కోలార్ దగ్గర ఒక ఊళ్లో, ఒకే ఒక్క గుహలో మిగిలిన ఆకుముక్కు గబ్బిలం గురించి లోకానికి తెలిపిన పనిలో వాళ్లది పెద్ద చెయ్యి. ఆ గుట్టను రాయి కోసం తవ్వుతుంటే గుహకే ముప్పు వచ్చింది. మన వైపు గుట్టలు కరిగిపోవడం చూస్తున్నవాళ్లకు ఇది వేరే రాష్ట్రం కథలా అనిపించదు.

తరగతిలో ఈ సంగతులు చెబుతుంటే ఒక అమ్మాయి ఎదురు ప్రశ్న వేసింది. "సార్, పిట్టలే అబద్ధమాడుతయి గదా?" నిజమే. పశువుల వీపు మీద కూర్చునే చీలిక తోక నల్లపిట్ట, ఏట్రింత, దాని చుట్టం ఒకటి ఆఫ్రికాలో కలహారి ఎడారిలో ఉంది. వేరే జంతువులు తిండి తవ్వుకుంటుంటే గద్ద వచ్చిందన్నట్టు అరుస్తుంది. అవి పారిపోగానే తిండి ఎత్తుకుపోతుంది. కానీ అదే పిట్ట నిజంగా గద్ద వచ్చినప్పుడూ అరుస్తుంది. ఎక్కువసార్లు నిజం చెబుతుంది కాబట్టే దాని అబద్ధం చెల్లుతోంది. పైగా అది ఆకలి కోసం ఆడిన అబద్ధం, దొరికిపోతే నష్టం దానికే. మనం ఫోను పట్టుకుని ఆడే అబద్ధంలో మనకు పోయేదేమీ లేదు. అరుపు మళ్లీ మళ్లీ వినిపిస్తే పిట్ట కొన్నాళ్లకు జవాబివ్వడం మానేస్తుంది. అంటే నిజం పోటీదారు వచ్చినా లెక్కచెయ్యని పరిస్థితి రావచ్చు. మావాడి ఆట ఆ చేనులో కౌజు మాటకు విలువ తగ్గించింది. అయితే ఇది లాభనష్టాల లెక్క. నాకు అంతకంటే గట్టి కారణం ఇంట్లోనే ఉంది.

చాలా ఏళ్ల కింద, నేను డిగ్రీ చదివేటప్పుడు, పట్నం నుంచి ఒకాయన టేపు పట్టుకుని తండాకు వచ్చాడు, బంజారా పాటల మీద పరిశోధన అని. మా దాదిని ఢావ్లో పాడమన్నాడు. ఢావ్లో అంటే అత్తవారింటికి పోయే పిల్ల ఏడుస్తూ పాడేది. దాది వద్దంది. పెళ్లి లేకుండా, పోయే పిల్ల లేకుండా అది పాడకూడదంది. ఆయన బతిమాలాడు, నేనూ బతిమాలాను. చదువుకున్నవాడు మన పాట అడిగాడని నాకు గర్వం. చివరికి పాడింది. ఆయన టేపు ఆపి, చాయ తాగి వెళ్లిపోయాడు. దాది మాత్రం ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉంది, తను అత్తారింటికి వచ్చిన రోజు, చనిపోయిన పెద్దకూతురిని పంపిన రోజు తలుచుకుని. పాట బయటికొచ్చింది, దాంతోపాటు వచ్చిన ఏడుపును ఆపే పెళ్లివాళ్లు, ఒళ్లోకి తీసుకునే ఆడవాళ్లు ఎవరూ లేరు. ఆ టేపు మళ్లీ మాకు వినబడలేదు.

గట్టు మీద పోటీదారు కోసం తిరుగుతున్న కౌజును చూసినప్పుడు నాకు దాది గుర్తొచ్చింది. పిట్ట బాధ మనిషి బాధ ఒకటే అనడం లేదు. అమెరికా తత్వవేత్త థామస్ నేగెల్ 1974లో ఒక వ్యాసం రాశాడు. గబ్బిలం కేక గురించి అంతా కొలిచినా, గబ్బిలంగా ఉండడం ఎలా ఉంటుందో మనకు తెలియదని అతని వాదం. నేను ఒప్పుకుంటాను. కానీ తెలియదు కాబట్టి ఏమైనా చెయ్యొచ్చు అనేవాళ్లను, తెలియదు కాబట్టి చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్లను, ఇద్దరినీ తండా చూసింది. మన గురించి తెలియనివాళ్లే మన మేలు కోసమని చాలా చేశారు.

అందుకే "పిట్ట మేలు కోసమే" అనే మాట ఒక్కటే నాకు చాలదు. కలివి కోడిని పిలిచినవాళ్ల దగ్గర నాకు నచ్చింది వేరు. జవాబు విన్నాక వాళ్లు ఆ జవాబు పక్షాన నిలబడ్డారు. పిలిచి, తెలుసుకుని, పోయి ఊరుకోలేదు. టేపాయన పిలిచాడు, తీసుకున్నాడు, పోయాడు. మావాడు పిలిచాడు, నవ్వాడు. దాదా పిలిచాడు, తిన్నాడు. దాదా చేసింది చావు, అయినా అందులో దాపరికం లేదు. టేపాయన కంటే దాదానే నాకు నిజాయితీపరుడిగా కనబడతాడు. ఇది మీకు తప్పనిపిస్తే వాదించండి. వేటను వెనకేసుకు రావడం మాత్రం కాదు.

మరుసటి వారం ఆ పిల్లవాడిని, ఇంకో ఆరుగురిని నిజాంసాగర్ ఒడ్డుకు తీసుకుపోయాను. ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి. రికార్డు చెయ్యొచ్చు, వినిపించకూడదు, ఇది ఒప్పందం. ఒక నోటుబుక్కులో టైము, చోటు, అరుపు, గోర్ బోలీలో పేరు, తెలుగులో పేరు రాశారు. పద్నాలుగు పిట్టలు వచ్చాయి. తొమ్మిదింటికే గోర్ బోలీ పేరు దొరికింది. మిగతా ఐదింటి కోసం ఇంటికి పోయి ముసలివాళ్లకు రికార్డింగులు వినిపించారు. రెండు పేర్లు అలా తేలాయి. మూడు ఖాళీగా ఉన్నాయి.

గట్టు మీద కూర్చున్నవాడే ఆ నోటుబుక్కు దాస్తున్నాడు. మొన్న వచ్చి, ఇందులో పేర్లు చెప్పిన ముసలివాళ్ల పేర్లు కూడా రాయాలా అని అడిగాడు. వాళ్లనే అడిగి రమ్మన్నాను. ఇద్దరు రాయమన్నారట. ఒకావిడ వద్దందట.