పుట్టుమచ్చ ఎటువైపు?

మా గోదావరి జిల్లాల్లో శవయాత్ర బండి కదిలిందంటే ముందు వినిపించేది ఘంటసాల గొంతు. పాత బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు ఆత్మ ఒళ్ళు మార్చుకుంటుందని మైకులో భగవద్గీత వీధి చివరిదాకా మోగుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఆ ఇంటినుంచే నాకు వాట్సాప్‌లో ఫోటో వస్తుంది. "పెద్దకర్మ నాటికి కావాలండి, ఏ త్రీ సైజు, చార్‌కోల్." మొన్న అలాగే ఒకటి గీసి పంపిస్తే వచ్చిన మొదటి జవాబు: "నాన్నగారి పుట్టుమచ్చ ఎడమ బుగ్గమీద కదండీ, మీరు కుడివైపు పెట్టారు." వాళ్ళు పంపింది మనవడు తీసిన సెల్ఫీ. అందులో ముఖం అద్దంలోలా కుడి ఎడమలు తిరగబడి ఉంది.

విడిచేసిన బట్టమీద మచ్చ ఎటువైపుంటే ఏం? వెటకారానికి అడగటం లేదు. బొమ్మలేసి బతికేదాన్ని, ఇది నా అన్నానికి సంబంధించిన ప్రశ్న. మనిషంటే ఒళ్ళు కాదని నమ్మేవాళ్ళు ఒంటి పోలిక కోసం డబ్బిచ్చి, పైగా పట్టుబట్టి మరీ ఎందుకు దిద్దిస్తారు?

నాకొచ్చే ఫోటోలు చాలావరకు ఆధార్ కార్డువో, ఎవరిదో పెళ్ళి ఆల్బంలో మూల నిలబడ్డవో. ఫ్లాష్ ఎదురుగా కొట్టేసరికి ముక్కు కింద నీడ ఉండదు, బుగ్గ ఎముక తెలీదు. నీడలన్నీ నేనే ఊహించి వెయ్యాలి. గళ్ళు గీసుకుని కొలతలు వెంట్రుకవాసి తేడా లేకుండా దింపినా ఒక్కోసారి మనిషి రాడు. కింది రెప్ప అంచున సన్నటి తడి గీత ఒకటుంటుంది. అక్కడ బొగ్గు తగలకుండా కాగితాన్ని తెల్లగా వదలాలి. కనుపాపలో వెలుగు చుక్కని ఒక పిసరు పైకి జరపాలి. ఆ పుట్టుమచ్చ పెద్దాయన కూతురు వీడియో కాల్‌లో చెప్పింది: "కాలేజీ నుంచి లేటుగా వస్తే గేటు దగ్గరే నిలబడి ఉండేవారండి. తిట్టేవారు కాదు, ఊరికే చూసేవారు." ఆ చూపు ఫోటోలో లేదు. ఆ మాట విని రెప్ప కాస్త దించాను. "ఆఁ, ఇప్పుడొచ్చారు" అంది. వెనకనుంచి వాళ్ళన్నయ్య తొంగిచూసి, "ఇదేంటి, నాన్న ఇంత మెత్తగా ఎప్పుడు చూశారు?" అన్నాడు.

బొమ్మ వేయించుకోవటాన్నే కాదన్న తత్వవేత్త ఒకాయన ఉన్నాడు. మూడో శతాబ్దంలో రోమ్‌లో పాఠాలు చెప్పిన ప్లొటైనస్. మోస్తున్న ఈ ముఖమే ఒక నీడ, నీడకి మళ్ళీ నీడ ఎందుకన్నాడు. బొమ్మ కోసం కూర్చోనన్నాడు. శిష్యుడు అమెలియస్ ఊరుకోలేదు. కార్టీరియస్ అనే చిత్రకారుణ్ణి పాఠాలకి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. అతను గురువుగారిని చూసి చూసి, జ్ఞాపకం మీద గీస్తే, అమెలియస్ దగ్గరుండి దిద్దించాడు. గురువుగారికి తెలియకుండానే పోలిక చక్కగా కుదిరిందని ఇంకో శిష్యుడు పోర్ఫిరీ రాసిపెట్టాడు. కస్టమర్ కరెక్షన్లు ఈనాటివి కావన్నమాట!

ప్లొటైనస్ లెక్కలో ఉన్నవి రెండే: ఒళ్ళూ, దాన్ని మోసే ఆత్మా. భగవద్గీత దగ్గర కూడా ఇంచుమించు అదే లెక్క. ఆ కూతురు అడిగింది ఈ రెంటిలో ఏదీ కాదు. తనవైపు తిరిగినప్పటి నాన్నని అడిగింది. ఆ నాన్న ఆయన ఒంట్లో ఒక్కచోటే లేడు, సగం ఆవిడ దగ్గరే ఉన్నాడు. కొడుకు దగ్గరున్న నాన్న వేరు. పుట్టుమచ్చ దగ్గర మాత్రం అన్నాచెల్లెళ్ళకి పేచీ లేదు. అందుకే అందరూ ముందు దాన్ని పట్టుకుంటారని నా అనుమానం. గుర్తుపట్టడానికి ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

అయితే ఈ పోలిక పట్టుదల ఎక్కువ రోజులుండదు. ఫ్రేము కట్టించి గోడకి తగిలించి, గంధం రాసి బొట్టు పెట్టారంటే తీర్పు మారిపోతుంది. శుక్రనీతిసారంలో ఒక మాటుంది: దేవుడి బొమ్మ లక్షణాలు తప్పినా మేలే చేస్తుందట, మనిషి బొమ్మ ఎంత చక్కగా కుదిరినా మేలు చెయ్యదట. మొదట చదివినప్పుడు నా వృత్తిమీద కొట్టినట్టే అనిపించింది. ఇప్పుడు ఇంకోలా చదువుకుంటున్నాను. మామూలు ఇంటి గోడమీద మనిషి దేవుడి వరసలోకి జరగటం నేను కళ్ళారా చూస్తున్నాను, బొట్టు పెట్టాక పోలిక గురించి అడిగినవాళ్ళు లేరు. క్రైస్తవుల ఇళ్ళలో బొట్టుండదు, కింద బైబిలు వాక్యం రాయమంటారు. అక్కడ ముఖం ముఖంగానే మిగులుతుంది. ఆ పనంటే నాకు ఎక్కువ భయం.

భాసుడి ప్రతిమా నాటకంలో మనిషి ఇలా దేవుడి వరసలోకి జరగటమే పెద్ద కథ. మేనమామ ఊరినుంచి వస్తున్న భరతుడు దారిలో ప్రతిమాగృహం చూసి, దేవుళ్ళనుకుని మొక్కబోతాడు. అక్కడి పూజారి ఆపుతాడు: వీళ్ళు ఇక్ష్వాకు రాజులు. ఒక్కొక్క పేరే అడుగుతూ వచ్చి, చివరి బొమ్మ దగ్గర కలవరపడి, బతికున్నవాళ్ళకి కూడా బొమ్మలు పెడతారా అని అడుగుతాడు. పెట్టరు, పోయినవాళ్ళకే. ఆ తర్వాతే ఆ చివరి బొమ్మ దశరథుడిదని పూజారి చెప్తాడు. తండ్రి చావు అతనికి అలా తెలుస్తుంది.

ఈమధ్య ఒక రిటైర్డ్ మాస్టారు, పోయినవాళ్ళకే బొమ్మ అన్న ఈ నియమం తప్పించారు. తన బొమ్మ తనే వేయించుకుంటానని వచ్చారు. "పోయాక మావాళ్ళు ఆధార్ ఫోటోనే పెద్దది చేయిస్తారమ్మా, నాకు తెలుసు." వాళ్ళావిడ అపశకునమని తిట్టిందట. "కృష్ణదేవరాయలు తిరుమలలో భార్యలిద్దరితో సహా తన విగ్రహం పెట్టించుకోలేదా?" అని వాదించారట. నిజమే, ఆ రాయలు చేతులు జోడించి నిలబడి ఉంటాడు. పక్కనుంచి జనం వెళ్తుంటారు, ఆయనకి మొక్కాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మాస్టారి బొమ్మలో చేతులు జోడించలేదు. కళ్ళజోడు పైకి నెట్టుకుంటున్నట్టు వెయ్యమన్నారు, అది వేశాను. తప్పు చెప్పిన పిల్లాణ్ణి చూసే చూపు అదేనట. అది ఇంట్లోవాళ్ళెవరికీ తెలియని చూపు.

బొమ్మ చూసి వాళ్ళావిడ, "ఈయనెవరో నాకు తెలీదు" అన్నారు. మాస్టారు మార్చనివ్వలేదు, బ్యాలెన్సు ఫోన్‌పే చేసేశారు. నేనైతే ఈమధ్య పెద్దకర్మ బొమ్మల్లో నుదుటి ముడతలమీద ఎక్కువసేపు కూర్చోవటం మానేశాను. ఎలాగూ అక్కడ గంధం వస్తుంది. ఆ టైము కింది రెప్పలకి పెడుతున్నాను.